బడిలో సంగీతం: సరళీ వరుసల పక్షం, సినిమా పాట పక్షం

బడిలో సంగీతం చెప్పేటప్పుడు పిల్లలకు ముందే నోటికొచ్చిన పాటలను పాఠానికి వాడుకోవచ్చా, కూడదా అన్నది సంగీత బోధనలో ఇంకా తేలని తగవు. నోటికొచ్చిన పాటలంటే సినిమా పాటలతో ఆగవు. టీవీ పోటీల్లో విన్నవి, గుడి మైకులో వచ్చే భక్తిగీతాలు, పెళ్ళి బ్యాండు వాయించేవి, ఫోనులో అరనిమిషం తిరిగే ముక్కలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తిరుపతిలో ఈ తగవుకు పదునెక్కువ. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు కూర్చాడని సంప్రదాయం చెప్పుకునే పురందరదాసు (1484–1564) విగ్రహం అలిపిరిలోనే ఉంది. దేవస్థానం నడిపే సంగీత నృత్య కళాశాల, 1983లో ఏర్పడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోని సంగీత శాఖ, 1978లో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు ఈ ఊరివే. అదే ఊళ్ళో బడి వార్షికోత్సవం వచ్చిందంటే వేదిక మీద మోగేది ఆ ఏడాది సినిమా పాట.

ఈ సంవాదంలో రెండు గొంతులున్నాయి. గురువు అలిపిరి దగ్గర ఇంట్లో సాయంత్రాలు గాత్రం చెప్పే పెద్దాయన. సంప్రదాయ పాఠక్రమం పక్షం. టీచరు ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు తరగతులకు సంగీతం చెప్పే ఆమె. సినిమా పాట పక్షం. ఇద్దరూ ఎవరో ఇద్దరు మనుషుల చిత్రాలు కారు. ఊళ్ళో సంగీతం చెప్పేవాళ్ళ మధ్య నడిచే రెండు వాదాలకు ప్రతినిధులు.

గురువు మొదటి అభ్యంతరం బడి పని గురించి.

గురువు: ఏమ్మా, ఆ పాటలు పిలకాయలకు ఊరికే వస్తుండాయి గదా. ఆటోలో వింటారు, పెళ్ళిలో వింటారు, అమ్మ ఫోనులో వింటారు. నీకు వారానికి దొరికేది ఒకటో రెండో పీరియడ్లు. ఆ నలభై నిమిషాలూ బయట దొరకనిది పెట్టాల. వీధిలో ఉండేదాన్నే మళ్ళీ లోపలికి తెచ్చేదానికి బడి ఎందుకు?

టీచరు: బయట పాట దొరుకుతుంది సార్, పాటలో ఏముందో చెప్పేవాళ్ళు దొరకరు. ఆరో తరగతి పిల్ల ఒక పాటను పల్లవి నుంచి చివరి చరణం దాకా మాట తప్పకుండా పాడుతుంది. నీ పాటకు షడ్జం ఎక్కడుందమ్మా అని అడిగితే నోరు మెదపదు. ఆ షడ్జం చూపించడమే నా పాఠం. పాట దాని నోట్లో ఉంది కాబట్టి నేను సగం దారి నుంచి మొదలుపెట్టొచ్చు.

సంప్రదాయ పాఠక్రమం అందరికీ తెలిసిందే. సరళీ వరుసలు, జంట వరుసలు, ధాటు వరుసలు, సప్త తాళాల అలంకారాలు, ఆ తర్వాత గీతాలు, స్వరజతి, వర్ణం, అప్పుడు కృతి. మొదటి మెట్లన్నీ మాయామాళవగౌళలో నడుస్తాయి. ఇది 72 మేళకర్తల్లో 15వది. దీనితోనే ఎందుకు మొదలుపెట్టాలో గురువు పక్షం చెప్పే కారణం బలమైనదే. ఈ రాగంలో స, రి పక్కపక్కనే ఉంటాయి. గ, మ కూడా అంతే. రికీ గకూ మధ్య మాత్రం పెద్ద ఎడం. ప నుంచి పై స దాకా మళ్ళీ అచ్చం అదే కొలత. గొంతుకు చిన్న అడుగు, పెద్ద అంగ రెండూ ఒకే వరుసలో అలవాటవుతాయి. కింది సగం పట్టుబడితే పై సగం దానంతటదే వస్తుంది. సినిమా పాట ఏదీ ఇంత లెక్కగా గొంతును తయారుచేయడానికి పుట్టింది కాదు.

టీచరు ఈ లెక్కను కాదనదు. ఆమె చూపేది బడి పరిస్థితి. ఆ క్రమం రోజూ తెల్లవారుజామున గురువు ఎదుట కూర్చునే నలుగురైదుగురు శిష్యుల కోసం పెరిగింది. తరగతి గదిలో యాభైమంది ఉంటారు, వారానికి ఒకసారి కూర్చుంటారు, ఇంట్లో సాధన చేయరు. అట్లాంటిచోట సరళీ వరుసలే పట్టుకుని కూర్చుంటే ఏడాది అయ్యేసరికి రెండో కాలం రాదు. సంగీతమంటే స-రి-గ-మ అని అరవడమన్న ముద్ర మాత్రం మిగిలిపోతుంది. ఆ ముద్ర పడిన పిల్ల తర్వాత ఏ గురువు దగ్గరికీ రాదు.

టీచరు: ఒక పీరియడు ఎట్లా నడుస్తుందో చెబుతాను సార్. మాయాబజార్‌లో వెన్నెల పడవ పాట పిల్లలకు టీవీలో చూసి తెలుసు. ముందు మాటలు తీసేసి నోరు మూసుకుని మ్‌మ్ అని పాడమంటాను. తర్వాత పాట ఎక్కడికొచ్చి హాయిగా ఆగుతోందో అక్కడే ఆగమంటాను. శ్రుతిపెట్టె పెడితే అది షడ్జమని వాళ్ళకే తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఈ మెట్టు మీద పాట కాలు పెట్టిందా అని అడుగుతాను. మధ్యమం దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా లేదంటుంది. నిషాదం దగ్గరా లేదంటుంది. మిగిలినవి స-రి-గ-ప-ద. అప్పుడు బోర్డు మీద మోహనం అని రాస్తాను. వెంటనే ‘వరవీణా’ గీతం పాడితే, ఇదీ అదే మెట్ల మీద నడుస్తోందని వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు పట్టేస్తారు.

గురువు: మంచి పాట ఎంచుకున్నావులే. అది 1957 నాటిది. ఆ పాట వెనక సాలూరి రాజేశ్వరరావు ఉండాడు, ఘంటసాల ఉండాడు. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నోడు. వాళ్ళ పాటలో రాగం దొరక్కపోతే వింత. ఈ ఏడాది వచ్చిన పాట తీసుకో, చూద్దాం. పల్లవిలో ఒకటి, చరణంలో ఇంకొకటి. మధ్యలో ఏ రాగానికీ చెందని స్వరాలు. దాంట్లో ఏ మెట్లు ఎక్కిస్తావు?

గురువు మాటలో చరిత్ర ఉంది. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు టాకీ మొదలైనప్పుడు సినిమా సంగీతానికి పెట్టుబడి నాటక పద్యమూ, శాస్త్రీయ సంగీతమూ. చిత్తూరు పేరును ఇంటిపేరులా మోసిన వి. నాగయ్య (1904–1973) ఆ దారిలో వచ్చినవాడే. 1946లో ఆయన తీసి నటించిన త్యాగయ్యతో త్యాగరాజ కృతులు కచేరీ గడప తొక్కని ఇళ్ళకు చేరాయి. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చాక తెలుగు పట్టణాల్లో సంగీతం నేర్చుకోవాలనే పిల్లలు పెరిగారన్నది ఆ తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే మాట. కాబట్టి సినిమా నుంచి సంగీతానికి దారి లేదని గురువు పక్షం కూడా అనలేదు. ఆ దారి ఇప్పుడూ తెరిచే ఉందా అన్నదే ఆయన ప్రశ్న.

శంకరాభరణం ప్రస్తావన ఇద్దరికీ ఆయుధమే. గురుముఖంగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోని గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఆ సినిమా పాటలకు జాతీయ పురస్కారం వచ్చింది. విని నేర్చుకోవడం కూడా చదువేనని టీచరు దాన్ని చూపిస్తుంది. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగానూ చేరుస్తుంది. పోటీకి వచ్చిన పిల్ల ఒకచోట జారితే బాలు ఆ చోటును తానే పాడి చూపించేవారు. శ్రుతి, సంగతి, గమకం వంటి మాటలు ఆ కార్యక్రమంతోనే లక్షల ఇళ్ళలో వాడుకలోకి వచ్చాయి. గురువు ఇదే ఉదాహరణను తిరగేస్తాడు. బాలు ఆ పాటలు రికార్డు విని పాడలేదు, సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుగళేంది పక్కన కూర్చుని నేర్పించాడు. విని నేర్చుకున్నాడంటే, వినిపించినవాడు ఒకడున్నాడనే అర్థం. పైగా అంతటి చెవి అరుదు. అరుదైనదాన్ని చూసి అందరికీ పాఠం రాయకూడదు. ఇక్కడ గురువుదే పైచేయి. విని నేర్చుకోవడమంటే ఫోను పెట్టి వదిలేయడం కాదన్నది టీచరు కూడా ఒప్పుకోవాల్సిన విషయం.

కొత్త పాటల ప్రశ్నకు టీచరు జవాబు తాళంతో మొదలవుతుంది.

టీచరు: కొత్త పాటలో రాగం తేలకపోతే లయ తీసుకుంటాను సార్. 2023లో ఆస్కార్ వచ్చిన ‘నాటు నాటు’ తెలియని పిల్లాడు లేడు. దాని నడక ఆరు మాత్రలది. తకిట తకిట అని చేతులు తడుతూ పాడించండి, తిశ్రం ఒక్క పీరియడులో ఒంటికి పడుతుంది. సప్త తాళాలు బట్టీ పట్టిన పిల్లలకు ఏడాదికి కూడా పట్టనిది అదే.

గురువు: ఆరు అనగానే అన్నీ ఒకటైపోవు తల్లీ. నీ తకిట తకిట మూడూ మూడు. రూపక తాళమూ ఆరే, అది ద్రుతం, లఘువు: రెండూ నాలుగు. రెండూ ఒకటేనని పిలకాయలకు పడిందంటే, రేపు రూపకంలో గీతం పాడేటప్పుడు దెబ్బ మూడో అక్షరం మీద పడాల్సింది నాలుగో దాని మీద పడుతుంది. నేర్పినదాన్ని మాన్పడం నేర్పేదానికంటే కష్టం.

టీచరు: అయితే ఆ రెండూ పక్కపక్కనే పెట్టాలి సార్. ఒకే ఆరు మాత్రలు, ముందు మూడూ మూడుగా, తర్వాత రెండూ నాలుగుగా తట్టిస్తాను. తేడా చేతికి తెలుస్తుంది. సినిమా పాట లేకపోతే ఈ పోలిక పెట్టడానికి మొదటిదే ఉండదు.

వరవీణా గీతం కూడా రూపకంలోదే. కాబట్టి ఈ మాట వాదనలో గెలుపు కోసం అన్నది కాదు, మరుసటి వారం పాఠానికి అక్కరకొచ్చేది. చిత్తూరు పల్లెల్లో చెక్కభజన ఆడే ఇంటి పిల్లలకు మూడు మాత్రల నడక కాళ్ళలో ముందే ఉంటుంది. తరగతిలో దానికి పేరు పెడితే చాలు.

శ్రుతి దగ్గర గురువు అభ్యంతరం మరింత లోతైనది. తంబూర మీటితే మంద్ర స్థాయి తీగ నుంచి ఎవరూ మీటని గాంధారం పైన వినిపిస్తుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. తంబూర పలికించే ఆ గాంధారానికీ, కీబోర్డు మీద నొక్కే గాంధారానికీ తేడా ఉంది. స్థాయిని 1,200 సెంట్లుగా కొలిస్తే తంబూర గాంధారం సుమారు 386 దగ్గర, కీబోర్డుది 400 దగ్గర ఉంటాయి. తేడా 14 సెంట్లే, కానీ చెవి మొదటి నుంచి దేనికి అలవాటుపడిందో గొంతు అక్కడికే పోతుంది. ఆకాశవాణి హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా దూరంగా పెట్టడం వెనకా ఇటువంటి వాదనే ఉంది. 1997లో ఆటోట్యూన్ మార్కెట్లోకి వచ్చాక సంగతి ఇంకో మెట్టు దాటింది. ఇప్పుడు గాయకుడు జారినా సాఫ్ట్‌వేరు పట్టి నిలబెడుతుంది. స్వరం నుంచి స్వరానికి జారుడు ఉండాల్సినచోట గళ్ళు గీసినట్టు మెట్లు పడతాయి. గమకమంటే ఆ జారుడూ ఊపే కదా. పిల్ల ఆ రికార్డును అనుకరిస్తే నేర్చుకునేది మనిషి గొంతును కాదు.

ఇక్కడ టీచరు కొంత వెనక్కి తగ్గుతుంది. కరోకే ట్రాకును క్లాసులోకి రానివ్వనంటుంది. దానికి ఆమె చెప్పే కారణాలు రెండు: ట్రాకు శ్రుతి పెద్దవాళ్ళ గొంతుకు కట్టి ఉంటుంది, ఆరో తరగతి పిల్ల గొంతు అక్కడికి పోలేక అరుస్తుంది, పైగా వెనక మోగేదాని చాటున ఎవరు తప్పారో తెలియదు. పాట సినిమాదైనా శ్రుతి మాత్రం తంబూరదే ఉండాలి. పిల్లల గొంతుకు తగినట్టు షడ్జం పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. వీలైతే ఒకరోజు కీబోర్డు గాంధారం, తంబూర గాంధారం పక్కపక్కనే వినిపించి ఏది హాయిగా కలిసిందో అడగాలి. ఇంత జాగ్రత్త అన్ని బళ్ళలో తీసుకుంటారా అన్న అనుమానం గురువుకు తీరదు. ఆ అనుమానం న్యాయమైనది. సినిమా పాటతో సంగీతం చెప్పేవాళ్ళు సరళీ వరుసలు మాత్రమే తెలిసినవాళ్ళకంటే ఎక్కువ తెలిసినవాళ్ళయి ఉండాలి.

వాదం బాగా వేడెక్కేది అన్నమయ్య దగ్గర.

టీచరు: సార్, ఒక్క మాట. మనం ఈ ఊళ్ళో సంప్రదాయం అంటూ పిల్లలకు నేర్పే అన్నమయ్య వరుసలు ఎప్పటివి?

ఇది అడగవలసిన ప్రశ్నే. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. దొరికినవి సగం లోపే. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం రాగిరేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి. వాటిని పరిష్కరించే పనిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఏళ్ళు గడిపారు. రేకుల మీద రాగం పేరు ఉంటుంది. సంకీర్తనలకు స్వరాలు రాసి లేవు. అన్నమయ్య నోట ఆ పాట ఎట్లా పలికిందో చెప్పే ఆధారం లేనట్టే. రాళ్ళపల్లి (1893–1979) వందకు పైగా పాటలకు వరుసలు కట్టి స్వరపరిచారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పనిని పెంచారు. 1980 ప్రాంతంలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు వాటిలో కొన్నిటిని దక్షిణాది అంతటా ఇంటింటి పాటలుగా చేశాయి. అంతకు ముందే, 1963లో వచ్చిన ఆమె సుప్రభాతం రికార్డు వీధి మైకుకూ టీకొట్టు రేడియోకూ ఎక్కింది. వెంకన్న పాట జనానికి చేరింది గ్రామఫోను, రేడియో, క్యాసెట్టు దారినే. 1997లో కె. రాఘవేంద్రరావు తీసిన అన్నమయ్య సినిమా, కీరవాణి సంగీతంతో, అదే దారిలో తర్వాతి మజిలీ.

టీచరు: కాబట్టి ఒకటి పవిత్రం, ఇంకొకటి అంటు అనే లెక్క నిలవదు సార్. అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. నేను ఒకే సంకీర్తనను సినిమా వరుసలో, రాళ్ళపల్లివారి వరుసలోనో బాలకృష్ణప్రసాద్‌గారి వరుసలోనో రెండుసార్లు పాడిస్తాను. మాట అదే, మెట్లు మారాయి. ఏ మెట్టు మారింది, మాట మీద దాని ప్రభావం ఏమిటి అని అడుగుతాను. ఇట్లాంటి పాఠం తిరుపతిలో చెప్పుకోకపోతే ఎక్కడ చెప్పుకుంటాం?

గురువు: కొత్తగా కట్టినవే, నేను కాదన్లేదు. అయినా కట్టినోళ్ళు ఎవరు? రాళ్ళపల్లివారు రేకు మీద ఉండే రాగం పేరు ముందు పెట్టుకుని, ఆ రాగం గుండా పోతే సాహిత్యం ఎక్కడ విరుగుతాదో చూసుకుని కట్టినారు. సినిమా సీనును చూసుకుని కడుతుంది. ఇంకోమాట. ఆ సినిమాలో అన్నమయ్య భార్య తిమ్మక్క ఎట్లా కనిపిస్తుంది? మరదలుగా, పాటల్లో ఆడేదిగా. సుభద్రా కల్యాణం రాసిన తిమ్మక్క, తెలుగులో తొలి కవయిత్రి అని మనం చెప్పుకునే తిమ్మక్క ఎక్కడుంది? పాటతోబాటు కథ కూడా పిలకాయల నెత్తికెక్కుతుంది. సినిమా వరుస నేర్పే రోజు ఆ తిమ్మక్క గురించి చెప్పకపోతే, నువ్వు సంగీతం చెప్పినట్టూ కాదు, ఊరి చరిత్ర చెప్పినట్టూ కాదు.

ఈ మాటకు టీచరు దగ్గర ఎదురుమాట లేదు. తిమ్మక్కను పాఠంలో చేర్చుకుంటుంది.

సాహిత్యం సంగతి త్వరగానే తేలుతుంది. పిల్లల నోట పలికించకూడని మాటలున్న పాటను ముందే పక్కన పెట్టాలి. వరుస మాత్రమే కావాలనుకుంటే స్వరాలతో పాడించవచ్చు. కాపీరైటు భయమూ పెద్దది కాదు: 1957 చట్టంలోని 52వ సెక్షను బడి కార్యకలాపాల్లో ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేసే ప్రదర్శనకు మినహాయింపు ఇస్తుంది. ఆ వీడియోను అందరికీ కనిపించేలా పెట్టడం వేరే సంగతి.

ఈ తగవు తిరుపతికే పరిమితం కాదు. 1967లో అమెరికాలో టాంగిల్‌వుడ్‌లో కలిసిన సంగీత బోధకులు, యువత వినే జనప్రియ సంగీతంతో సహా అన్ని కాలాల, అన్ని శైలుల సంగీతానికీ పాఠక్రమంలో చోటుండాలని ప్రకటించారు. ఇంగ్లండులో లూసీ గ్రీన్ అనే పరిశోధకురాలు, పాప్ వాద్యకారులు రికార్డులు వింటూ స్నేహితులతో కలిసి నేర్చుకునే తీరును గమనించి, దాన్ని బడిలోకి తెచ్చారు. హంగేరీలో జోల్తాన్ కోదాయ్ దీనికి భిన్నమైన దారి పట్టాడు. పిల్లకు సంగీతంలో మాతృభాష జానపదమే, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, నాసిరకం పాట బడి గడప ఎక్కకూడదన్నాడు. మన దగ్గర 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా తప్పనిసరి విషయంగా ఉంచమంది. ఏ పాటతో మొదలుపెట్టాలో మాత్రం బడికే వదిలింది.

గురువుకు కోదాయ్ మాట నచ్చుతుంది.

గురువు: తెలిసిన పాటతోనే మొదలుపెట్టాలంటే సినిమాకే ఎందుకు పోవాల? దాస సాహిత్య ప్రాజెక్టు మెట్లోత్సవానికి పాదాల మండపం దగ్గర భజన మండళ్ళు ఎన్ని ఊళ్ళ నుంచి వస్తాయి! మెట్లెక్కుతూ ఒకరు అంటారు, వెయ్యిమంది అందుకుంటారు. ద్రౌపదమ్మ గుడి తిరునాళ్ళలో పగలు భారతం హరికథ, రాత్రికి వీధి నాటకం. ఏల, జాజర, సువ్వి, లాలి, ఇవన్నీ అన్నమయ్య పల్లెల నుంచి తీసుకున్న బాణీలే. ఆయన చేసిన పని నువ్వు చెయ్యి.

టీచరు: అన్నమయ్య తన కాలంలో జనం నోట ఉన్నదాన్ని తీసుకున్నాడు సార్. ఇప్పుడు జనం నోట ఉన్నది సినిమా. మీరు చెప్పే భజన మండళ్ళు పాడే వాటిలో ఎన్ని సినిమా వరుసలో ఒకసారి చెవి పెట్టి వినండి. గోవిందుడి మాట, సినిమా బాణీ. జానపదం, సినిమా మీరనుకున్నంత విడివిడిగా లేవు. రెండూ తెస్తాను, మండపం దగ్గరి పాటను ఫోనులో రికార్డు చేసుకు రమ్మని పిల్లలకే పని చెబుతాను.

చివరికి వాదం పరీక్ష దగ్గరికి వస్తుంది. ఏ పద్ధతైనా ఏడాది చివర పిల్లకు ఏం వచ్చిందో చూపించాలి. గురువు షరతులు ఖచ్చితంగా ఉన్నాయి. ఏడో తరగతి పూర్తిచేసిన పిల్ల అంతకుముందు వినని పాట ఒకటి విని షడ్జం పట్టుకోవాలి. అందులో రాని స్వరాలేవో చెప్పాలి. తాళం వేయాలి, ఆరు మాత్రలైతే అది మూడూ మూడా, రెండూ నాలుగా తేల్చాలి. ఫోను లేకుండా, తంబూర శ్రుతికి సరళీ వరుసలు రెండు కాలాల్లో పాడాలి. టీచరు మొదటి మూడింటికీ వెంటనే ఒప్పుకుంటుంది. నాలుగోదాన్ని మొదలుపెట్టడానికి ఒక ఏడాది గడువు అడుగుతుంది: ఆరో తరగతి మొత్తం తెలిసిన పాటల నుంచి స్వరానికి నడిచి, సరళీ వరుసలను ఏడో తరగతిలో మొదలుపెట్టాలన్నది ఆమె క్రమం. అప్పటికి ఆ స్వరాలు పిల్లలకు పరాయివి కావు.

గురువు ఆ క్రమానికి సగమే తలూపుతాడు. మోహనం, హిందోళం వంటి ఐదు స్వరాల రాగాలకు సినిమా పాట దారి చూపగలదు. తోడి, శహన, ఆనందభైరవి వంటివాటికి మెట్ల లెక్క చాలదు. అక్కడ స్వరం ఎక్కడుందన్నదానికంటే ఎట్లా ఊగిందన్నది ముఖ్యం. అది మూడు నిమిషాల పాటలో ఇమడదు, యాభైమంది క్లాసులోనూ ఇమడదు. రాగాలాపన, నెరవు, కల్పనస్వరం వంటి మనోధర్మం సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ చదువు బడి తర్వాత కళాశాలలోనో గురువు ఇంట్లోనో జరగాల్సిందే.

గురువు: సరే, ఆరో తరగతి నీ దారినే పోనీ. ఏడులో సరళీ వరుసలు పట్టిన పిలకాయల్లో గొంతూ ఓపికా ఉండేవాళ్ళను నలుగురైదుగురిని సాయంత్రం నా దగ్గరికి పంపు. ఏ సినిమా పాటతో వచ్చినా సరే, షడ్జం పట్టుకుని రావాల.

టీచరు: పంపిస్తాను సార్. వాళ్ళు తెచ్చిన పాటను మాత్రం మీరు ఒకసారి పూర్తిగా వినాలి.

గురువు: వింటాలేమ్మా. దాంట్లో తప్పు ఏముందో వాళ్ళతోనే చెప్పిస్తా.